ముప్పై ఏడేళ్లకు ట్రాంపొలిన్ ఎక్కి, మంచు మీద 360 తిరిగేదాకా

నాకు కావలసింది ఒక్కటే: స్కీల మీద గాల్లోకి లేచి, ఒక చుట్టు పూర్తిగా తిరిగి, మళ్లీ ముందుకే చూస్తూ దిగడం. 360. ఇక్కడ, అమెరికాలోని కొలరాడోలో, పిల్లలు దాన్ని ‘త్రీ’ అంటారు. పదేళ్లవాళ్లు నోట్లో చాక్లెట్ పెట్టుకుని చేసేస్తారు. 2024 సీజన్ అంతా నేను సగం చుట్టు దగ్గరే ఆగిపోయాను. వీపు లోయవైపు తిరిగి, ముందున్నదేమిటో కనిపించని ఆ క్షణంలో ఒళ్లు బిగుసుకుపోయేది, కాళ్లు వాటంతటవే చాచుకునేవి. ఆ తర్వాత ఏమవుతుందో నా ఎడమ తుంటికి బాగా తెలుసు.

మా అబ్బాయికి స్కీయింగ్ నేర్పే అమ్మాయి లెక్క కట్టి చెప్పింది. మంచు మీద ఒక్కసారి ఎగరాలంటే కొండెక్కించే లిఫ్ట్ దగ్గర క్యూ, పైకి ప్రయాణం, కిందికి రావడం, అంతా కలిపి పావుగంట. గాల్లో ఉండేది సెకను కూడా కాదు. ట్రాంపొలిన్ మీద అదే పావుగంటలో ఆ సెకను ఎన్నిసార్లయినా దొరుకుతుంది, పైగా పడితే బెడ్డే, అంటే మనం ఎగిరే ఆ సాగే గుడ్డే, పట్టుకుంటుంది. స్కీలతో గాల్లో పల్టీలు కొట్టే ఏరియల్స్ పోటీల్లో దిగే అథ్లెట్లు కూడా ముందు ట్రాంపొలిన్, తర్వాత వేసవిలో నీళ్ల కొలనులోకి దూకే ర్యాంపులు, ఆ తర్వాతే మంచు. యూటాలో పార్క్ సిటీ దగ్గరున్న ఒలింపిక్ పార్కులో అలాంటి కొలను ఉంది. దిగేవాళ్లకు దెబ్బ తగలకుండా నీటి అడుగునుంచి గాలి బుడగలు వదిలి మెత్తబరుస్తారు. వాళ్లే ఈ వరస పాటిస్తుంటే మనమెంత అనిపించింది.

మేముండేది డెన్వర్ శివార్లలో. ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఒక జిమ్నాస్టిక్స్ శిక్షణ కేంద్రం ఉంది. అందులో పెద్దవాళ్ల ట్రాంపొలిన్ బ్యాచ్ వారానికి ఒక్కటే, గురువారం రాత్రి 8 గంటలకు. ఆగస్టు మొదట్లో పేరు ఇస్తే చోటు ఖాళీ అయిందని ఫోన్ వచ్చింది సెప్టెంబరు ఆఖర్లో. ఎనిమిది వారాలకు 240 డాలర్లు. డబ్బు కట్టేముందు ఒక ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాలి. పక్షవాతం, మరణం అన్న మాటలు పేజీకోసారి వస్తాయి అందులో. మా ఆయన మొత్తం చదివి, “ఇన్సూరెన్స్ ప్రీమియం తేదీ ఎప్పుడు?” అని మాత్రం అడిగాడు.

మొదటి రోజు బెడ్ ఎక్కేముందే అడ్డొచ్చింది మెట్టెల దగ్గర. ఒలింపిక్ సైజు ట్రాంపొలిన్ బెడ్ పెరట్లో పిల్లలు ఎగిరేదానిలా నున్నటి నల్లగుడ్డ కాదు. సన్నటి పట్టీలు అడ్డంగా, నిలువుగా కలిపి కుట్టినది, మధ్యలో చిన్న చిన్న చదరపు సందులుంటాయి. కోచ్ నా పాదాలు చూసి, ఆ సందుల్లో ఉంగరం ఇరుక్కుంటే వేలు ఉంటుంది, నువ్వు పైకి పోతావు అంది. పన్నెండేళ్లుగా తీయని మెట్టెలు. బాత్రూంలో సబ్బు రాసి, చల్లనీళ్లు పోసి, తిప్పి తిప్పి లాగితే ఒకటి వచ్చింది, రెండోది రాలేదు. దానిమీద స్పోర్ట్స్ టేప్ గట్టిగా చుట్టి, పైన సాక్సులు వేసుకుని ఆ పూటకి కానిచ్చాను. మర్నాడు ఫోన్లో అమ్మకి చెబితే, “తీసేస్తే తీసేశావు గానీ మీ అత్తగారికి ఫొటోలు పంపేటప్పుడు కాళ్లు పడకుండా చూసుకో” అంది. నల్లపూసలు, గాజులు, చెవులవి కూడా ఇంట్లోనే పెట్టి వెళ్లడం మంచిది. అక్కడ లాకర్లకు తాళాలు లేవు.

ఎగరడం నేర్పిస్తారనుకుంటే ముందు ఆగడం నేర్పించారు. కోచ్ ఎప్పుడు “స్టాప్” అంటే అప్పుడు మోకాళ్లూ తుంటీ వంచి, బెడ్ పైకి తోసే బలమంతా కాళ్లలోకి తీసుకుని, అక్కడికక్కడే నిలబడాలి. బెడ్ నడుమ ఎర్ర గుర్తు ఉంటుంది. దానిమీద లేచి దానిమీదే దిగాలి, పక్కకి జరగకూడదు. చేతులు చెవుల పక్కనుంచి పైకి, చూపు ఎదురుగా ఉన్న ప్యాడ్ అంచు మీద. ఇంతే. మూడు వారాలు ఇంతే. తర్వాత కూర్చుని లేవడం, వీపు మీద పడి లేవడం. పక్క బెడ్ మీద ఇరవై ఏళ్ల కుర్రాడొకడు మొదటి రోజే వెనక పల్టీ కొట్టబోతే అతన్ని దింపేసి, మళ్లీ ఎర్ర గుర్తు దగ్గర నిలబెట్టారు. డబ్బు దండగేమో అని నాకూ అనిపించింది, ఇంటికొచ్చి అన్నాను కూడా. అయినా ఈ విసుగు భాగమే తర్వాత మంచు మీద నన్ను కాపాడింది. గాల్లో ఏదైనా తేడా కొడితే చేస్తున్నది వదిలేసి, ఒళ్లు దగ్గరికి తీసుకుని, దిగడం మీద మనసు పెట్టే అలవాటు అక్కడే వచ్చింది.

ఇప్పుడొక మాట. ఇది ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి చెబుతున్నాను. మామూలు కాన్పు అయిన ఆడవాళ్లు ట్రాంపొలిన్ ఎక్కితే చాలామందికి మూత్రం చుక్కలు చుక్కలుగా పడిపోతుంది. నాకూ అంతే. మొదటి క్లాసులో పది నిమిషాలకే తెలిసిపోయింది, నల్ల ప్యాంటు వేసుకున్నందుకు బతికిపోయాను. చుట్టూ చూస్తే మా బ్యాచ్‌లో నలభై దాటిన ఆవిడ నవ్వి, బ్యాగులోంచి ప్యాడ్ తీసి చేతిలో పెట్టింది. ఆ తర్వాత డాక్టరుకి చెబితే, కటి కండరాలకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు దగ్గరికి రాసిచ్చింది. అపాయింట్‌మెంటుకే నెల పట్టింది. ఇన్సూరెన్స్ పోను వెళ్లినప్పుడల్లా 40 డాలర్లు. ఆవిడ నేర్పిన వాటిలో బాగా పనిచేసింది ఊపిరికి సంబంధించినది: బెడ్ మీద పాదం ఆనే క్షణంలో ఊపిరి బిగపట్టకుండా వదులుతూ, కింద కండరాలను లోపలికి తీసుకోవడం. డిసెంబరుకి చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. క్లాసుకి ముందు బాత్రూంకి వెళ్లడం, రెండు గంటల ముందునుంచి టీ మానేయడం ఇప్పటికీ తప్పదు.

అక్టోబరు ఆఖరికి తిరగడం మొదలైంది. మనిషికి ఒకవైపు సహజంగా తిరగడం వస్తుందట. కళ్లు మూసుకుని నిలబడి ఎగిరి తిరగమంటే నేను ఎడమకి తిరిగాను. అంతే, ఎడమ ఖాయం. ముందు పావు చుట్టు, తర్వాత సగం, తర్వాత పూర్తి చుట్టు. బెడ్ మీద మీటరు ఎత్తు లేస్తే గాల్లో ఉండేది సుమారు 0.9 సెకన్లు. అంత సమయంలో ఒక చుట్టు తిరగడం ఒంటికి కష్టమేమీ కాదు. రెండో రోజుకే పూర్తిగా తిరుగుతున్నాను. కానీ సగం దగ్గర కళ్లు మూసుకుంటున్నాను. నాకు తెలియనే తెలియదు. వీడియోలో స్లో మోషన్‌లో కోచ్ చూపించింది.

దానికి ఆమె చేసిన వైద్యం నాకు భలే నచ్చింది. ఎదురు గోడమీద ఎర్ర టేపు, ఎడమ గోడమీద పచ్చది, వెనక గోడమీద నీలంది, కుడి గోడమీద పసుపుది అంటించింది. తిరుగుతూ కనిపించిన రంగు కనిపించినట్టు గట్టిగా అరవాలి. అరవాలంటే చూడాలి కదా. మొదట్లో ఇంగ్లిష్‌లో ప్రయత్నించాను. రంగు పేరు నోటికొచ్చేసరికి కాళ్లు బెడ్ మీద ఉంటున్నాయి. ఒకసారి ఉక్రోషంతో “పచ్చ! నీలం!” అని తెలుగులో అరిచాను. ఆ రెండూ సరైన చోట్ల పడ్డాయి. ఆ హాలంతా నా వైపు చూసింది గానీ కోచ్ మాత్రం, “ఏ భాషైనా నాకు అభ్యంతరం లేదు, నీలం వినపడితే చాలు” అంది. ఆ తర్వాత రెండు గురువారాలకి “నీలం” అనడం అలవాటైపోయి, వెనక గోడ మీదున్న నీటి మరక కూడా కనిపించడం మొదలైంది. 

తల తిరుగుడు మాత్రం బాధించింది. బెడ్ దిగాక అరగంటసేపు నేల వాలినట్టుండేది. కారు నడపడానికి భయమేసి పార్కింగ్‌లో కూర్చునేదాన్ని. ఒక వైపే వరసగా తిరగకుండా మధ్యలో తిరగకుండా నేరుగా ఎగరడం, సాయంత్రం ఆరింటికే సగం కడుపుకి తినేయడం, అల్లం ముక్క దగ్గరుంచుకోవడం కొంత పనిచేశాయి. నెల గడిచేసరికి అదే సర్దుకుంది.

నవంబరు మధ్యలో స్కీలు ఇచ్చారు. ట్రాంపొలిన్ కోసం చేసినవి, మీటరు కూడా ఉండని పొట్టివి, అంచులకు మెత్తటి ఫోమ్ చుట్టి ఉంటాయి, మామూలు బూట్ల మీదే పట్టీలతో బిగించుకోవచ్చు. అప్పటిదాకా నాకున్న కాస్త గర్వం ఆ పూట దిగిపోయింది. కాళ్ల చివర బరువు చేరగానే చుట్టు నెమ్మదించింది. తొందరపడి కాళ్లతో తిప్పబోతే స్కీల ముక్కులు ఒకదానికొకటి తగులుకున్నాయి. తిప్పాల్సింది కాళ్లని కాదు, తలని, భుజాలని. అవి ముందు వెళితే కాళ్లు వెనకే వస్తాయి.

అంతకన్నా పెద్ద విషయం చీలమండది. వట్టికాళ్లతో ట్రాంపొలిన్ మీద ఎత్తు వచ్చేది కాలివేళ్లతో బెడ్‌ని చివరిదాకా తోయడం వల్ల. స్కీ బూటులో చీలమండ కదలదు, వేళ్లతో తోయడమన్నది లేదు. అందుకే స్కీలు కట్టాక కోచ్ నా చేత అరిపాదం మొత్తం ఆనించి, మోకాళ్లతో, తుంటితో మాత్రమే లేవడం చేయించింది. ఎత్తు సగానికి పడిపోయింది. స్కీయింగ్ కోసం ట్రాంపొలిన్ నేర్చుకునేవాళ్లు మొదటినుంచే ఇలా ఎగరడం మంచిదని నా అభిప్రాయం. జిమ్నాస్టులు కొట్టేంత ఎత్తు మనకు ఎందుకూ పనికిరాదు. అక్కడే సేఫ్టీ గ్రాబ్ కూడా నేర్చుకున్నాను: మోకాళ్లు పైకి తెచ్చి, కుడిచేత్తో కుడి స్కీ బయటి అంచుని బూటు కింద పట్టుకోవడం. చేతిని స్కీ దగ్గరికి పంపకూడదు, స్కీనే చేతి దగ్గరికి తెచ్చుకోవాలి. వంగితే ఒళ్లు పక్కకి ఒరిగిపోతుంది.

డిసెంబరులో ఫోమ్ పిట్. పెద్ద గుంటలో వందల కొద్దీ ఫోమ్ దిమ్మెలు నింపి ఉంటాయి. నడుముకి బెల్టు కట్టి, రెండు వైపులా తాళ్లతో పట్టుకుని వెనక పల్టీ కొట్టించారు, తర్వాత బెల్టు తీసేసి ఆ గుంటలోకి. పల్టీ నేను అనుకున్నంత భయం పెట్టలేదు. భయమంతా కొట్టడానికి ముందు నిలబడ్డ ఆ అర నిమిషంలోనే. కానీ గుంటలోంచి బయటికి రావడం మాత్రం దమ్ము పనికి దున్నిన మడిలో మోకాలిదాకా దిగబడ్డట్టే. ఒక కాలు లాగితే రెండోది లోపలికి పోతుంది. నాలుగు దూకుళ్లకే ఆయాసం. ఫోమ్ పొడికి తుమ్ములు. కళ్లజోడు ఉన్నవాళ్లకి అది అసలు కుదరదు, లెన్సులు పెట్టుకోవాల్సిందే.

ఫోమ్ పిట్ మీద నాకు పెద్ద నమ్మకం కుదరలేదని చెప్పాలి. ఎలా పడ్డా మెత్తగానే ఉంటుంది. ముప్పావు చుట్టు తిరిగి మోకాళ్ల మీద పడ్డా, పూర్తిగా తిరిగి పాదాల మీద దిగినా ఒకటే అనిపిస్తుంది. ధైర్యం రావడానికి ఒకటి రెండు పూటలు చాలు. ఆ పైన మళ్లీ బెడ్ మీదికే వెళ్లి, నిలబడి దిగడం నేర్చుకోవాలి. దిగేటప్పుడు మోకాలు వచ్చి గడ్డానికి తగలకుండా కాళ్లు కాస్త ఎడంగా ఉంచమన్నారు. ఒకాయన వినలేదు, నాలుక కరుచుకున్నాడు.

జనవరి 2025లో మా వాడిని తీసుకుని కాపర్ మౌంటెన్ అనే స్కీ రిసార్టుకి వెళ్లాం. అక్కడ ఉడ్‌వర్డ్ అనే శిక్షణ సంస్థ వాళ్ల ‘ది బార్న్’ అనే లోపలి శిక్షణశాల 2009 నుంచి ఉంది. పెద్ద ట్రాంపొలిన్లు, ఫోమ్ పిట్లు, ర్యాంపులు అన్నీ ఒకే కప్పు కింద. డెన్వర్ నుంచి 75 మైళ్లే అయినా శనివారం ఐ-70 హైవే మీద వెళ్లాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి. ఆరు దాటితే దారిలోని కొండ సొరంగం ముందు బంపర్‌కి బంపర్. అక్కడ తెలిసిన సంగతి సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉన్నామన్నదాని గురించి. మా ఊరి జిమ్‌లో రెండు నిమిషాలు ఆగకుండా ఎగరగలిగే నేను అక్కడ నిమిషానికే నోరు తెరిచేశాను. కాపర్‌లో కొండ అడుగు భాగమే 9,700 అడుగుల పైన ఉంటుంది, డెన్వర్ 5,280. మంచినీళ్లు ఎక్కువ తాగి, విరామం రెట్టింపు పెట్టుకుంటే గానీ కుదరలేదు. మా వాడికి ఇవేమీ తెలియలేదు. వాడు నా వయసువాళ్లందరి చుట్టూ నాలుగు చుట్లు తిరిగాడు.

ఫిబ్రవరినుంచి మంచు మీద. నారింజ రంగు కోడిగుడ్డు ఆకారం బోర్డు ఉన్న చోట టెర్రైన్ పార్కు, అంటే జంపులు కట్టిన భాగం, మొదలవుతుంది. ‘ఎస్’ అని రాసి ఉన్నవి చిన్న జంపులు. ముందు తిరగకుండా నేరుగా ఎగిరి దిగడమే, రోజుల తరబడి. ఎందుకంటే ట్రాంపొలిన్ నేర్పనిది ఇక్కడ ఎదురైంది. బెడ్ మీద లేచిన చోటే దిగుతాం. మంచు మీద ముందుకి పోతూ ఉంటాం. జంపు అంచు వంపు తిరిగి ఉంటుంది కాబట్టి అదే మనల్ని కాస్త వెనక్కి ఒరిగేలా చేస్తుంది. బెడ్ మీద అలవాటైనట్టు నిటారుగా పైకి లేవబోతే బరువు మడమల మీదికి వెళ్లిపోతుంది. చేతులు ముందుకి, మోకాలి కింద ముందువైపు ఎముకని బూటు నాలుకకి ఆనించి, అంచు మీదినుంచి మోకాళ్లతో మెల్లగా లేస్తే సరిపోతుంది. ఎత్తు జంపే ఇస్తుంది. ఇంకొకటి: తిరగడం మంచు మీద ఉండగానే మొదలుపెడితే స్కీ అంచు పట్టుకుని పక్కకి విసిరేస్తుంది. స్కీలు చదునుగా ఉంచి, జంపు అంచు దాటే క్షణంలోనే భుజాలు తిప్పాలి. లోపల దట్టమైన ప్యాడ్లున్న షార్ట్స్ 60 డాలర్లు పెట్టి కొన్నాను. ఈ మొత్తంలో అన్నిటికన్నా సార్థకమైన ఖర్చు అదే.

టేపు రంగులు కొండ మీద ఉండవు కదా. అందుకని లిఫ్ట్‌లో కూర్చుని ఆ జంపుకి నాలుగు గుర్తులు ఎంచుకున్నాను. ఎడమకి దేవదారు చెట్లు, వెనక్కి లిఫ్ట్ స్తంభం, కుడికి తాళ్ల కంచె, మళ్లీ ఎదురుగా దిగే వాలు. మార్చి 1, శనివారం, పదిన్నర ప్రాంతంలో మంచు కొద్దిగా మెత్తబడ్డాక వెళ్లాను. పొద్దున్నే గట్టిగా గడ్డకట్టి ఉంటుంది, అప్పుడు కొత్త పనులు పెట్టుకోవద్దు. అంచు దాటాను. చెట్లు. స్తంభం. స్తంభం మీదున్న అంకెతో సహా కనిపించింది. అంతకుముందు సీజన్ అంతా నేను చూడనిది అదే. కంచె కనిపించకముందే నేల తగిలింది. చుట్టు పూర్తి కాలేదు, మిగిలిన కాస్తా స్కీలు మంచు మీద జారుతూ తిరిగాయి. కానీ నిలబడ్డాను. నేను మాత్రం దాన్ని 360 కిందే లెక్కేసుకున్నాను. మా వాడు వీడియో తీశాడు. అందులో ముప్పావు భాగం వాడి చేతి తొడుగు.

మార్చి ఆఖరికి కంచె కూడా కనిపిస్తోంది. గ్రాబ్ ఇంకా కుదరలేదు. చిన్న జంపు మీద గాల్లో ఉండేది ట్రాంపొలిన్ మీద కన్నా బాగా తక్కువ, చెయ్యి వెళ్లేలోపే దిగిపోతాం. దానికి ‘ఎమ్’ అని రాసి ఉన్న మధ్యరకం జంపు కావాలి. నా మోకాళ్లు దానికి ఇంకా ఒప్పుకోలేదు. మంచు మీద వెనక పల్టీ సంగతి కొందరు అడిగారు. అది చేయలేదు, చేసే ఉద్దేశమూ లేదు. బెడ్ మీద కొట్టాను, సరదా తీరింది.

ఖర్చు సంగతికొస్తే రెండు బ్యాచ్‌ల ఫీజు, ఫిజియోథెరపీ, ప్యాడ్ షార్ట్స్, బార్న్‌లో ఒక పూట కలిపి వెయ్యి డాలర్లకు కొంచెం అటూ ఇటూ. సీజన్ పాస్, పెట్రోలు ఇందులో లేవు, అవి ట్రాంపొలిన్ లేకపోయినా పెట్టేవాళ్లమే.

ఇప్పుడు నా తలనొప్పి 180. సగం తిరిగి వెనక్కి జారుతూ దిగాలి. చూడ్డానికి 360లో సగమే గానీ నాకు దానికన్నా కష్టంగా ఉంది. బెడ్ మీద సగం తిరిగి దిగితే అక్కడే ఉంటాం. మంచు మీద దిగాక వెనక్కి పోతూనే ఉంటాం, భుజం మీదుగా దారి చూసుకోవాలి. దీనికి ట్రాంపొలిన్ ఏమీ చేయలేదని కోచ్ ముందే చెప్పేసింది. అందుకే ఆదివారాలు మా వాడు ముందు జారుతూ దారి చెబుతుంటే, పిల్లలు నేర్చుకునే పచ్చ గుర్తు వాలు మీద వెనక్కి జారడం ప్రాక్టీసు చేస్తున్నాను. మెడ పట్టేస్తోంది. ఇంటికొచ్చి వేడినీళ్ల కాపడం పెట్టుకుంటే సోమవారానికి సర్దుకుంటోంది.